నాలుగున్నర ఎకరాల ఉద్యోగం

మొదటిరోజు నా చేతికి ఒక తాళాల గుత్తి ఇచ్చారు. లెక్కపెడితే ఇరవై మూడు తాళంచెవులు. ఏది దేనికో చెప్పే మనిషి అప్పటికే బదిలీ అయిపోయాడు. వాచ్‌మన్‌ని వెంటేసుకుని పార్కంతా తిరిగాను. పొద్దుగూకేసరికి పద్నాలుగింటికి తాళాలు దొరికాయి. మిగిలిన తొమ్మిదింట్లో కొన్నింటికి తాళాల్లేవు, కొన్నింటికి అసలు తలుపులే లేవు. ఒకటి మాత్రం ఎప్పుడో తీసేసిన ఫౌంటెన్ మోటారు గదిదట. "ఉంచండి సార్, బరువుగా ఉంటే మేనేజరులా ఉంటుంది" అన్నాడు వాచ్‌మన్.

అది 2018 ఆగస్టు. గోదావరి డెల్టాలో ఒక మున్సిపల్ పట్నం. ఇంకా అక్కడే పనిచేస్తున్నాను కాబట్టి ఊరి పేరు చెప్పను. ఉద్యోగం ఔట్‌సోర్సింగ్. ఆర్డరు కాయితంలో 'సూపర్‌వైజర్' అని ఉంటుంది. గేటు పక్క గది మీద మాత్రం ఎప్పుడో ఎవరో 'మేనేజర్' అని పెయింటు వేయించారు. ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు. జీతం పెరగలేదు గానీ పిలుపు బాగుంటుంది.

పార్కు నాలుగున్నర ఎకరాలు. నా కింద ఇద్దరు మాలీలు, ఇద్దరు వాచ్‌మన్లు, ఊడ్చేవాళ్ళు ముగ్గురు. నాకేమో వెంకట్రామన్నగూడెం హార్టికల్చర్ యూనివర్సిటీ డిప్లొమా ఉంది. రెండేళ్ళపాటు అంట్లు కట్టడం, కొమ్మలు కత్తిరించడం, ఆకు మీద మచ్చ చూసి ఏ పోషకం తక్కువైందో చెప్పడం నేర్చుకున్నాను. ఆ ధైర్యంతో చేరాను. మొదటి నెలలో నన్నెవరూ మొక్కల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. లైట్లు ఎందుకు వెలగట్లేదు, కుక్కలు ఎందుకున్నాయి, కుర్రాళ్ళు ఆ పొద చాటున ఏం చేస్తున్నారు, గేటు ఐదుకి కాకుండా ఐదుంబావుకి ఎందుకు తీశారు, ఇవే. వాకింగుకి వచ్చేవాళ్ళకి పావుగంట అంటే ప్రాణం. నిద్రలేచి, చెప్పులేసుకుని, గేటు దగ్గరకొచ్చి, తాళం చూసి వెనక్కి పోయిన మనిషి కోపం ఆ రోజంతా తగ్గదు.

సరే, మొక్కల సంగతే ముందు చెప్తాను. నేను తప్పు చేసింది అక్కడే.

నేను చేరేనాటికి లాన్ సగం ఎండిపోయి ఉంది. ఎక్కడికక్కడ కాలిన దోసెలా మచ్చలు. ఎరువు తక్కువనుకున్నాను. ఆఫీసులో బతిమాలి డబ్బు మంజూరు చేయించుకుని కడియం వెళ్ళాను. మా వైపు మొక్క అంటే కడియమే. కడియపులంక నర్సరీల్లో నిలబడితే దేశంలో ఏ ఊరికి ఏ మొక్క పోతోందో లారీల నంబరు ప్లేట్లు చూసి చెప్పొచ్చు. అక్కడ మెత్తటి మెక్సికన్ గడ్డి చాపలు చాపలుగా అమ్ముతారు. తెచ్చి పరిచేశాం. ఇరవై రోజులు పార్కు పెళ్ళిమండపంలా వెలిగిపోయింది. పేపరువాళ్ళు కూడా ఫోటో తీసుకెళ్ళారు. ఏప్రిల్ వచ్చేసరికి అంచుల నుంచి మాడడం మొదలైంది.

మా పెద్ద మాలీకి అరవై దగ్గర పడ్డాయి. నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను మా అమ్మ పిలిచినట్టు 'అబ్బాయ్' అంటాడు, ఎవరైనా పక్కనుంటే మాత్రం 'సార్'. ఆ గడ్డిని కాలి బొటనవేలితో కదిపి, "బోరు నీళ్ళు నాలిక్కేసుకుని చూశావా అబ్బాయ్?" అన్నాడు. చూడలేదు. చూస్తే ఉప్పన. ఆ తర్వాత నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు కొని పెడితే లీటరుకి 3,000 మిల్లీగ్రాములు దాటింది. తాగే నీటికి వేరే దిక్కు లేకపోతే సర్దుకొమ్మని ప్రభుత్వ ప్రమాణం ఇచ్చే పై గీత 2,000. మేం దానికి మించిన నీళ్ళు లేత గడ్డికి పోస్తున్నాం.

డెల్టాలో చుట్టూ నీళ్ళే కదా అని బయటివాళ్ళు అనుకుంటారు. అవి కాలువ నీళ్ళు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ వదిలేదాకా ఊరంతా చెరువులో నింపుకున్న నీటి మీదే బతకాలి. మనుషులకే రోజుకో పూట వదులుతుంటే పార్కు గడ్డికి ఇవ్వమని ఏ మొహంతో అడుగుతాం? ఇక మిగిలేది బోరు. సముద్రం దగ్గరపడే కొద్దీ భూమిలో నీళ్ళు ఉప్పదేలతాయి. ఇదంతా డిప్లొమాలో చదివినదే. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి.

బాబాయ్ గరిక వేద్దామన్నాడు. నాకు నామోషీ అనిపించింది. పొలం గట్ల మీద మొలిచే గరిక వేయడానికి నేనెందుకు? కానీ గరిక ఉప్పుకి ఓర్చుకుంటుంది, తొక్కుడికి ఓర్చుకుంటుంది, ఎండిపోయినట్టు కనిపించి ఒక్క వానకి లేచి కూర్చుంటుంది. గరిక తీగలు ముక్కలుగా నరికి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టిలో జానెడు ఎడంగా నాటించాం. మొక్కల పాదుల చుట్టూ మాత్రం బాబాయ్ కొబ్బరి డొక్కలు పూడ్పించాడు. పీచు పైకి ఉండేలా, పళ్ళెంలా వరసగా. టెంకాయల వ్యాపారి డొక్కలు ఊరికే ఇచ్చాడు, బండి అద్దె మాది. డొక్క నీళ్ళు పీల్చుకుని నిదానంగా వదులుతుంది. రోజు విడిచి రోజు తడి పెట్టే చోట నాలుగు రోజులకొకసారి పెడితే సరిపోయింది. అలా ట్యాంకులో నీళ్ళు మిగలడం తర్వాత ఇంకో పనికొచ్చింది. అక్కడికే వస్తున్నా.

గేటు దగ్గర ఫిర్యాదుల పుస్తకం ఒకటి ఉండేది. దారం కట్టిన పెన్నుతో సహా. అందులో రాసేవాళ్ళంతా మగవాళ్ళే. లైట్లు, కుక్కలు, ఓపెన్ జిమ్‌లో విరిగిన పెడలు. అయిదారు నెలలకి ఒక రిటైర్డు టీచరు గారు నా గదికొచ్చారు. రోజూ సాయంత్రం వచ్చే ఆవిడే. "బాబూ, ఆడవాళ్ళం ఇక్కడ అరగంట మించి ఉండం. ఎందుకో ఒకసారి కనుక్కో" అని చెప్పి వెళ్ళిపోయారు. అంతే, ఇంకో మాట లేదు. పరీక్ష పేపరు ఇచ్చి హాల్లోంచి బయటికెళ్ళినట్టు.

కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం. అయినా ఒక వారం సాయంత్రాలు వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చిన టైము, వెళ్ళిన టైము చీటీ మీద రాశాను. నిజమే. మగవాళ్ళు గంట, గంటన్నర, రాజకీయాలు దొరికితే రెండు గంటలు. ఆడవాళ్ళలో పదిమందికి ఇద్దరు కూడా అరగంట దాటి లేరు. చీకటి భయం అనుకుందామంటే లైట్లు అప్పటికి బాగుచేయించాం. పొద్దున్న పూటా అదే వరస.

మా పార్కులో మరుగుదొడ్లు ఉన్నాయి. మగవాళ్ళకి రెండు, ఆడవాళ్ళకి రెండు. గోడల మీద టైల్స్ కూడా ఉన్నాయి. ఆడవాళ్ళ వైపు తాళం వేసి ఉండేది. నా గుత్తిలో దాని తాళంచెవి ఉందని కూడా నాకు తెలుసు. వానాకాలంలో మురుగు పైకి తన్నుతోందని తాళం వేశారట, ఆ తర్వాత ఎవరూ తీయలేదు. మగవాళ్ళు గోడ చూసుకుంటారు కాబట్టి వాళ్ళకి ఈ బాధ తెలియలేదు. నాకూ తెలియలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

తాళం తీసి కడిగిస్తే అయిపోతుందనుకున్నాను. ఊడ్చే అమ్మ చీపురు పట్టుకుని, "కడుగుతాను బాబూ, కడగడానికేం. గొళ్ళెం లేని తలుపు లోపలికి ఎవరెళ్తారు?" అంది. చూస్తే రెండు తలుపులకీ గొళ్ళేలు ఊడిపోయి ఉన్నాయి. బజారుకెళ్ళి నా డబ్బుతో రెండు గొళ్ళేలు, రెండు మేకులు, ఒక బల్బు, రెండు మగ్గులు కొన్నాను. మొత్తం మూడువందలు కూడా కాలేదు. ఈ ఆరేడేళ్ళలో ఆ పార్కులో నేను చేసిన ఖర్చుల్లో అదే పెద్ద పని చేసింది. తలుపు మీద చేతిసంచి తగిలించుకోవడానికి మేకు కొట్టాలని కూడా ఆ అమ్మే చెప్పింది. తడి నేల మీద సంచి ఎవరు పెడతారు?

కానీ వానలు మొదలవగానే మళ్ళీ పైకి తన్నింది. మా నేలలో వానాకాలం నీటిమట్టం పైకొస్తుంది, గడ్డపారతో రెండు మూడు అడుగులు తవ్వితే నీళ్ళు. సెప్టిక్ ట్యాంకు నుంచి బయటికి పోవాల్సిన నీరు ఇంకడానికి చోటుండదు. మెట్ట ప్రాంతపు డిజైను తెచ్చి డెల్టాలో కడితే ఇంతే. నెలకోసారి బండి పిలిపించి ట్యాంకు తోడించాను. అయినా ఒక వైపు నీళ్ళు నిలిచిపోతూనే ఉన్నాయి. చివరికి మేస్త్రీని పిలిచి పైపు తవ్విస్తే లోపల వేళ్ళు. జడలా అల్లుకుని పైపు నిండా ఉన్నాయి. బయటికి లాగితే నా చేతి పొడవు వచ్చాయి.

ఆ వేళ్ళు ప్రహరీ వెంట ఉన్న కోనోకార్పస్ చెట్లవి. నేను రాకముందు నాటినవి. వాటిని నాటినవాళ్ళని తప్పుపట్టలేను. ఉప్పు నీళ్ళకి తట్టుకుంటుంది, పశువు ముట్టదు, ఏడాది తిరక్కుండా పచ్చటి గోడలా లేస్తుంది. పార్కు నడిపేవాడికి అంతకంటే ఏం కావాలి? ఆ పచ్చదనానికి నీళ్ళు ఎక్కడివో మాత్రం ఎవరూ చూడలేదు. మురుగు పైపులోంచి తాగుతోంది. దాని పుప్పొడికి ఊపిరి సమస్యలొస్తాయని కూడా జనం అంటారు. అందులో ఎంత నిజమో వైద్యులు చెప్పాలి, నా గొడవ పైపు గురించే.

కొట్టించాలంటే మాటలు కాదు. 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలి. అర్జీ, ఫోటోలు, పైపు ముక్క, మేస్త్రీ చేత రాయించిన కాయితం, అన్నీ పెట్టాను. ఫైలు పైకెళ్ళి, కిందకొచ్చి, మళ్ళీ పైకెళ్ళింది. ఈలోగా వాకర్స్ సంఘం వాళ్ళు నాకు వ్యతిరేకంగా సంతకాలు పెట్టించారు. 'పచ్చని చెట్లను నరికించబోతున్న మేనేజర్'. మొదటి సంతకం ఎవరిదో చెప్పను గానీ రోజూ నాతో టీ తాగే పెద్దమనిషి. ఆయన బాధ వేరే. ఆ చెట్లుంటే రోడ్డు మీద పోయేవాళ్ళకి తమ యోగాసనాలు కనిపించవు. ఆ మాట నేరుగా చెబితే నేనే ఏదో చాటు కట్టించేవాణ్ణి.

2022లో తెలంగాణలో ఆ మొక్క నాటొద్దని ఆదేశాలొచ్చాయని పేపర్లలో పడ్డాక గాలి మారింది. సంతకాలు పెట్టినవాళ్ళే వచ్చి "ఇంకా కొట్టించలేదేంటండీ, పిల్లలు తిరిగే చోటు" అని నన్ను నిలదీశారు. అనుమతి వచ్చింది. పై నుంచి కొడితే నెలలో మళ్ళీ చిగురు పెడుతుంది, మొద్దుతో సహా పెకలించాలి. పైపున్న వైపు మాత్రం ముందు తీయించి, మిగతావి దఫదఫాలుగా తీసి, కానుగ మొక్కలు పెట్టించాం. కానుగకి ఉప్పు ఓ లెక్క కాదు. కాకపోతే నీడ ఇవ్వడానికి కొన్నేళ్ళు తీసుకుంటుంది. ఆ కొన్నేళ్ళూ యోగా వాళ్ళకి పాత వినాయక పందిరి గుడ్డలు కట్టించాను.

వినాయకుడంటే గుర్తొచ్చింది. నేను చేరిన నెలకే చవితి. తెల్లవారుజామున నాలుగున్నరకి వాచ్‌మన్ ఫోను. "సార్, పార్కుకి గుండు కొట్టేస్తున్నారు." వెళ్ళేసరికి గోడ దూకి వచ్చినవాళ్ళు, గేటు ఊపుతున్నవాళ్ళు, సంచులతో, కత్తెరలతో. మారేడు మొక్కలు రెండూ కర్రల్లా మిగిలాయి. జమ్మి పోయింది. దానిమ్మ పోయింది. పత్రిలో లేని క్రోటన్ ఆకులు కూడా కోసుకుపోయారు, పచ్చగా ఉంది కదా అని. ఆ రోజు నేను గోడ మీద గాజు పెంకులు పెట్టించాలన్నంత కోపంలో ఉన్నాను.

మరుసటి ఏడు బాబాయ్ సలహా మీద ముందురోజు సాయంత్రమే గేటు దగ్గర బల్ల వేసి పత్రి పెట్టాం. ఇరవై ఒకటీ దొరకవు గానీ పన్నెండు, పదమూడు రకాలు పెట్టగలిగాం. అసలు మజా ఏంటంటే లాన్ దాటి మొలిచే గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, వాకుడు, ఇవన్నీ మేం డబ్బిచ్చి పీకించే కలుపు. ఆ కలుపు పెరిగే మూలకి బోర్డు పెట్టాను: 'ఇక్కడ పత్రి ఎంతైనా కోసుకోవచ్చు'. ఇద్దరు మనుషులకి వారం పట్టే పని తెల్లారేలోగా అయిపోయింది. పుణ్యం వాళ్ళది, చదును మాది.

కార్తీకం ఇంకో తంతు. ఊళ్ళో ప్రతి సంఘానికీ, ప్రతి అపార్టుమెంటుకీ ఆదివారం వనభోజనం కావాలి. ఉసిరి చెట్టు కింద తినాలి. మా పార్కులో ఉసిరి ఒక్కటే. ఒక ఆదివారం ఏడు గుంపులు ఆ ఒక్క చెట్టు కిందకే వచ్చాయి. మాటా మాటా పెరిగింది. పులిహోర గిన్నె ఒకటి తిరగబడింది. ఇరువైపులా నాకు తెలిసినవాళ్ళే కాబట్టి నేను చెట్టు వెనక నిలబడ్డాను, అంతకంటే చేయగలిగింది లేదు. తర్వాత నుంచి టోకెన్లు పెట్టాం. దీపం పెట్టి మొదటి ముద్ద ఉసిరి కింద, మిగతా భోజనం ఎక్కడైనా. పొయ్యి వెలిగించకూడదు, థర్మాకోల్ పళ్ళేలు తేకూడదు, అరిటాకులైతే సరే. అరిటాకులకి గోశాల వాళ్ళు బండి వేసుకొచ్చి తీసుకుపోతారు. అప్పుడే పార్కు నాలుగు మూలలా ఉసిరి మొక్కలు కూడా పెట్టాం. నాలుగోది ఎవరో రెండుసార్లు పీక్కెళ్ళారు. ఇంట్లో పెంచుకుంటున్నారేమో, పోనీ.

2020 మార్చిలో గేటు మూసేశాం. ఒక మాలీ, ఒక వాచ్‌మన్, నేను మాత్రం పాసుల మీద వచ్చేవాళ్ళం. ఎండాకాలం, కాలువలు లేవు, మనుషులు లేరు. గరిక నడక దారి మీదకి పాకింది. ఓపెన్ జిమ్‌లో పిచ్చుకలు. అలాంటి నిశ్శబ్దంలో పనిచేయాలనే కదా నేను ఈ చదువు చదివింది అనుకున్నాను. రెండు వారాలు బాగానే ఉంది. మూడోవారం నుంచి పొద్దున్న ఐదింటికి గేటు దగ్గరకెళ్ళి ఊరికే నిలబడేవాణ్ణి. తిట్టేవాళ్ళు కూడా లేరు. నెలల తర్వాత గేటు తీసిన రోజు ఆ పాత పెద్దమనిషే మొదట వచ్చి, "నడక దారి మీద గడ్డేంటయ్యా, చూసుకోవా?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

మరుగుదొడ్ల కథ మధ్యలో వదిలేశాను. వేళ్ళు తీసి, పైపు మార్చి, గది నేల రెండడుగులు ఎత్తు చేయించడానికి అంచనా వేసింది ఒక ఏడు, డబ్బు వచ్చింది ఇంకో ఏడు. ఎత్తు చేశాక మెట్లు వచ్చాయి. మెట్లొచ్చాక మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కలేమన్నారు. పక్కన వాలుగా సిమెంటు దారి, పట్టుకోవడానికి ఇనప కడ్డీ పెట్టించాం. డొక్కల పుణ్యమా అని మిగిలిన ట్యాంకు నీళ్ళు వేసవిలో అటు తిప్పాను. ఇప్పుడు వానాకాలంలోనూ తాళం పడటం లేదు. అప్పుడప్పుడు గొళ్ళెం ఎవరో ఊడదీసుకుపోతారు. అందుకని నా డ్రాయరులో ఎప్పుడూ నాలుగు ఉంటాయి. పై ఆఫీసు తనిఖీకి వచ్చినవాళ్ళు లాన్ ముందు ఫోటో దిగి వెళ్తారు. అటు వైపు ఇంతవరకూ ఎవరూ నడవలేదు.

కిందటేడు ఫిర్యాదుల పుస్తకంలో టీచరు గారి చేతిరాత కనిపించింది. గుండ్రంగా, గీత మీద గీత తగలకుండా. 'బెంచీలు చాలడం లేదు. ఆడవారు నిలబడి మాట్లాడుకోవలసి వస్తోంది.' తేదీ, సంతకం.

బెంచీలకి మా దగ్గర డబ్బుండదు. ఎవరైనా దాతలు ఇవ్వాలి. దాతలైతే ఉంటారు. వీపు ఆనుకునే చోట 'కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం' అని నల్ల అక్షరాలతో రాయిస్తే చాలు. కానీ అందరికీ తామరల కొలను ఎదురుగానో, గేటులోకి రాగానే కనబడేలానో కావాలి. బెంచీ కావలసింది మరుగుదొడ్ల పక్కన, కానుగ చెట్ల కింద. లోపలికెళ్ళినవాళ్ళ కోసం మిగతావాళ్ళు ఎదురుచూసే చోట. అక్కడ వేస్తానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. "మా నాన్నగారి పేరు దొడ్డి పక్కనా?" అని ఒకాయన ఫోను పెట్టేశాడు.

ఆ సంగతి టీచరు గారితో అన్నాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ కాసేపు మాట్లాడలేదు. "మా మాస్టారి పేరుతో వేసెయ్యి బాబూ. ఆయన బతికున్నన్నాళ్ళూ నేను ఎక్కడికెళ్ళినా బయట సంచి పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడైనా కూర్చుంటారు" అన్నారు.

బెంచీ దసరాకి వచ్చింది. అక్షరాలు రాసే పెయింటరు 'జ్ఞాపకార్థం'లో ఒత్తు మర్చిపోయాడు. ఆవిడ ఎర్రపెన్ను తీసి చూపించి, దిద్దించి, అప్పుడు కూర్చున్నారు.